తాత సుత్తితో కొట్టి చూసిన కర్రలు

బెంగళూరుకు ఉత్తరాన ఉన్న యలహంకలో చిక్కబళ్లాపురం రైలు ఎక్కితే, దొడ్డజాల దాటాక కిటికీలోంచి విమానాలు దిగడం కనిపిస్తుంది. 2021 జనవరిలో ఎయిర్‌పోర్టు పక్కన హాల్ట్ స్టేషన్ మొదలయ్యాక, ఇక్కడ ఒక రైలు లైను ఉందని బెంగళూరులో చాలామందికి మొదటిసారి తెలిసింది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన "అటువైపు కొత్తగా రైలు వేశారంట సార్" అన్నాడు నాతో. కొత్తదేంటండీ, అది 1915 నాటి లైను. కాకపోతే అప్పట్లో పట్టాకీ పట్టాకీ మధ్య రెండున్నర అడుగులే. లెక్కగా చెప్పాలంటే 762 మిల్లీమీటర్లు. మా ఇళ్లల్లో దాన్ని చిన్న రైలు అనేవాళ్లం.

మైసూరు సంస్థానం రోజులవి. విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉన్నది 1912 నుంచి 1918 దాకా. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి చిక్కబళ్లాపురం పక్కనే. వాళ్ల పెద్దలది గిద్దలూరు వైపు మోక్షగుండం అని మా నాయన ఆ రైలు ఎక్కిన ప్రతిసారీ చెప్పేవాడు, రైలు మా సొంతమైనట్టు. 1913లో బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి బంగారపేట నుంచి, కోలారుకు చిన్న పట్టాలు పడ్డాయి. 1915లో బెంగళూరు వైపు నుంచి చిక్కబళ్లాపురానికి పడ్డాయి. ఆ తర్వాత శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం మీదుగా ఆ కొసా ఈ కొసా కలిపారు.

మాది చింతామణి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. నాయనకు యలహంకలో ఉద్యోగం కాబట్టి నేను పుట్టి పెరిగింది ఇక్కడే. ఎండాకాలం సెలవులు వస్తే మాత్రం అమ్మ మమ్మల్ని చిన్న రైలు ఎక్కించేది. పెట్టెలో ఎదురెదురు బల్లల మీద కూర్చుంటే ఇటువాళ్ల మోకాళ్లు అటువాళ్లకు తగిలేవి. చిక్కబళ్లాపురం దాటాక పట్టుగూళ్ల బుట్టలు ఎక్కేవి. ఆ వాసన తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. గురుపౌర్ణమి రోజుల్లో కైవారం వెళ్లే భజన జట్టు ఎక్కిందంటే మాకు పండగే, చింతామణి దాకా తాళాలు ఆగేవి కాదు. ఇంజను వైపు మొహం పెట్టి కూర్చుంటే కంట్లో బొగ్గు నలక పడటం ఖాయం. అమ్మ చీర కొంగు మడిచి, నోటితో ఊది వెచ్చచేసి కంటికి అద్దేది.

ఈ రైలు గురించి అందరూ చెప్పే జోకు ఒకటుంది. ముందు పెట్టెలో దిగి, చేలో నాలుగు వేరుశనగ చెట్లు పీక్కుని, వెనక పెట్టె ఎక్కేవాళ్లని. ఇలాంటి జోకు లేని చిన్న రైలు దేశంలో ఎక్కడా ఉండదు. నేనైతే ఎవరూ అలా చేయగా చూడలేదు. ఎక్కుడు వచ్చినచోట నడిచినంత మెల్లగా పోయేది, అది మాత్రం నిజం.

మా తాత ఆ లైన్లో కీమన్. గ్యాంగ్‌మన్‌గా చేరి కీమన్ అయ్యాడు. పొద్దున్నే భుజాన స్పానరు, చేతిలో పొడుగు కాడ సుత్తి, సంచీలో ఎర్రజెండా, పచ్చజెండా, పొగమంచు రోజుల్లో పట్టా మీద పెట్టే టపాకాయలు. తన వంతు దూరమంతా పట్టాల మధ్య నడవాలి. వదులైన మేకు కనబడితే కొట్టాలి, రెండు పట్టాల కొసలు కలిపే ఫిష్‌ప్లేటు బోల్టు బిగించాలి, పట్టా విరిగినట్టు అనుమానం వస్తే జెండా పాతి రైలు ఆపాలి. కొసకు చేరాక అవతలి పట్టా చూసుకుంటూ వెనక్కి. వాన పడితే నడక ఇంకా ఎక్కువ. మా అవ్వ "మీ తాత నడిచిన దూరం లెక్కేస్తే కాశీకి పోయి రావచ్చు, ఒక్కసారైనా తిరుపతికి తీసుకుపోలా" అని దెప్పేది.

సెలవుల్లో తాత వెంట నేనూ పోయేవాణ్ణి, ఊరి వాగు మీద వంతెన దాకా. అంతకంటే ముందుకు రానిచ్చేవాడు కాదు. వాగు చిన్నదే, ఏడాదిలో సగం రోజులు ఇసుకే. దాని మీద రాతి కట్టడపు కాళ్లు, వాటి మీద గర్డర్లనే ఇనుప దూలాలు, గర్డర్ల మీద అడ్డంగా కర్రలు, ఆ కర్రల మీద పట్టాలు. మామూలు చోట ఈ అడ్డ కర్రల కింద, అంటే స్లీపర్ల కింద, కంకర ఉంటుంది, వంతెన మీద అదుండదు. కర్రకీ కర్రకీ మధ్య సందులోంచి చూస్తే కింద వాగు. పిల్లలు తేలిగ్గా దూరిపోయేంత సందు కాదు గానీ, కాలు దిగబడుతుందేమోనని భయం వేసేది. తాత మాత్రం కళ్లు మూసుకుని నడిచేస్తాడా అన్నట్టుండేది.

ఆ కర్రల దగ్గరే తాత అసలు పని చూశాను. ఒక్కో కర్ర కొస మీద సుత్తితో ఒకటి కొట్టి, తల పక్కకు వంచి వినేవాడు. గట్టి కర్ర ఖంగుమంటుంది. లోపల పుచ్చింది డబ్బుమంటుంది, సుత్తి కూడా ఎగరదు. పైకి చూస్తే రెండూ ఒకటే రంగు, ఒకటే నునుపు. "పైన చూసి చెప్పేవాడు మేస్త్రీ, లోపల విని చెప్పేవాడు కీమన్" అనేవాడు తాత. అది కొంత ఆయన గొప్పలే అనుకోండి, ఆయన పైన ఉన్న మేస్త్రీ అంటే ఆయనకు పడేది కాదు. డబ్బుమన్న కర్ర మీద సున్నంతో గీత గీసేవాడు. తర్వాత మేకు పక్కన సన్న ఊచతో పొడిచి చూసేవాడు. కర్ర ముందు పుచ్చేది మేకు దిగినచోటే. రైలు పోయినప్పుడల్లా మేకు కదిలి రంధ్రం కొద్దిగా పెద్దదవుతుంది, వాన నీళ్లు దాంట్లో నిలుస్తాయి, ఇనుము తుప్పు కూడా తోడవుతుంది. అందుకే పాత మేకు పీకితే ఆ రంధ్రాన్ని ఊరికే వదలకూడదు. తారులో ముంచిన కర్ర బిరడా కొట్టి మూయాలి.

గీత గీసిన కర్రను మార్చే రోజు ఊళ్లో పిల్లలందరికీ వేడుక. కొత్త కర్ర తెచ్చి అలా పెట్టేస్తే కుదరదు. గర్డరు పైభాగం నున్నగా ఉండదు, రివెట్ల బుడిపెలు ఉంటాయి. ఏ కర్ర ఏ చోట కూర్చోవాలో, ఆ చోటి బుడిపెలకు తగ్గట్టు దాని అడుగు చెక్కాలి. పట్టా ఆనే చోట పైన కూడా చదును చేయాలి. ఒక్కో కర్రా ఒక్కో కొలత. ఒకచోటిది తీసి ఇంకోచోట వేస్తే కూర్చోదు. ఈ పనికి దేవనహళ్లి వైపు నుంచి ఒక ఆచారి వచ్చేవాడు. రెండు కాళ్ల మధ్య కర్ర పెట్టుకుని, బాడిసతో తన బొటనవేలికి గోరంత దూరంలో చెక్కేవాడు. పొట్టు ఎగిరి పడుతుంటే మేం ఏరుకునేవాళ్లం, పొయ్యి రాజెయ్యడానికి అవ్వకు బాగా పనికొచ్చేది. చెక్కాక కర్రను గర్డరు మీద ఎక్కించి, కింద కొక్కెం లాంటి హుక్ బోల్టులు వేసి గర్డరు అంచుకు పట్టించేవాళ్లు. ఇదంతా రెండు రైళ్ల మధ్య ఖాళీలో అయిపోవాలి. ఆ కాస్త టైములో తాత బీడీ కూడా ముట్టించేవాడు కాదు.

వంతెన వయసు ఎంత తాతా అంటే "నాకంటే పెద్దది" అనేవాడు. "మరి ఈ కర్రలు?" అంటే, "ఇదిగో ఇది పోయినేడుది, అది మీ నాయన పెళ్లి ఏడాదిది, ఆ మూలది నేను చేరకముందుది" అని చూపించేవాడు.

తాత రిటైరయ్యాక కూడా రైలు పోయినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి శబ్దం వినేవాడు. ఆయన పోయిన కొన్నేళ్లకు, 1990ల్లో, యలహంక నుంచి చిక్కబళ్లాపురానికి బ్రాడ్ గేజ్ పడింది. ఇప్పుడు ఈ మాట రాస్తే కొంతమందికి నచ్చదేమో గానీ, చిన్న రైలు పోవడం తప్పు కాదు. ఆస్పత్రికి బెంగళూరు రావాల్సిన మనిషికి పొద్దున ఎక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియని రైలు ఎందుకు? అవతల చిక్కబళ్లాపురం నుంచి కోలారుకు బ్రాడ్ గేజ్ రైలు నడవడానికి 2013 నవంబరు దాకా పట్టింది. మా చింతామణి వాళ్లు ఆ మధ్యకాలమంతా బస్సుల్లో వేలాడారు. వాళ్ల ముందు చిన్న రైలు అందం గురించి మాట్లాడితే కొడతారు. నాకు కోపం ఎక్కడంటే, తీసేసిన తీరు మీద. పట్టాలు ఇనుపసామాను లెక్కన, కర్రలు పొయ్యికట్టెల లెక్కన పోయాయి. ఒక మైలు దూరమైనా, ఒక్క వాగు మీది వంతెనైనా కర్రలతో సహా ఉన్నది ఉన్నట్టు ఉంచుదామని ఎవరికీ తోచలేదు. తోచమని అడిగినవాళ్లు కూడా లేరు లెండి. మేమూ అడగలేదు.

కర్రలు వేలం వేసినప్పుడు ఒక కాంట్రాక్టరు లారీలకెత్తి తెచ్చి యలహంకలో అమ్మాడు. నాయన కొన్ని కొన్నాడు. అయిదడుగుల పొడవు, ఏడంగుళాల వెడల్పు, నాలుగున్నర అంగుళాల మందం. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని బరువు. వాటితో ఒక బెంచీ చేయించాడు. రంపం ఆడటానికి వచ్చినవాడు రెండు బ్లేళ్లు పోయాయని కూలి ఎక్కువ అడిగాడు. నాలుగు కర్రలు పక్కపక్కన పేర్చి కింద నుంచి బిగించారంతే. ఇప్పుడది మా బాల్కనీలో ఉంది. దగ్గరగా చూస్తే ఒక్కో కర్ర మీద రెండు కొసల దగ్గరా నలుచదరపు రంధ్రాలు, పట్టాను పట్టి ఉంచే మేకులు, డాగ్ స్పైకులంటారు, దిగిన చోట్లు. రంధ్రం చుట్టూ అరచేతి వెడల్పున కర్ర నీలి నలుపుకు తిరిగింది. ఇనుపనీరు దిగితే నల్లమద్ది లాంటి గట్టి కర్రలు అలాగే నల్లబడతాయి. కొన్ని రంధ్రాలు ఖాళీ, కొన్నిట్లో ఇంకా తారు బిరడాలున్నాయి. ఒక బిరడా పక్కన మూడో రంధ్రం కూడా ఉంది. అంటే ఆ కర్రకు మేకు చోటు మార్చి రెండోసారి కొట్టారు. వంతెన కర్రలు కావివి, మామూలు స్లీపర్లే. తాత నడిచిన దూరంలోవే అని చెప్పడానికి కూడా ఆధారం లేదు. మా ఆవిడ పాలిష్ పెట్టిద్దామంటుంది. రంధ్రాలు లప్పంతో మూసేస్తే మంచి లుక్ వస్తుందని షాపువాడు చెప్పాడట. కుదరదన్నాను. ఈ విషయంలో మా ఇంట్లో శాంతి లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా చిన్నాయన కొడుకు డెన్వర్‌లో ఉంటాడు. పిల్లల సెలవులకు కారేసుకుని కొలరాడో కొండల్లో తిరిగి, ట్రౌట్ లేక్ దగ్గర నుంచి ఫోటోలు పంపాడు. "అన్నా, నీ తాత వంతెనకు పెద్దన్న దొరికాడు చూడు" అని. అది పూర్తిగా కర్ర వంతెన. కాళ్లు కర్రే, అడ్డం కర్రే, కాళ్లను పట్టి ఉంచే ఏటవాలు బద్దీలు కూడా కర్రే. ట్రెసిల్ అంటారు వాటిని. గర్డరు లేదు, రాతి కట్టడం లేదు. అడవి పక్కనే ఉంది, ఇనుము దూరం నుంచి రావాలి, డబ్బు తక్కువ, అందుకే కర్ర. రియో గ్రాండ్ సదరన్ అనే రైలు కంపెనీది. ఓట్టో మియర్స్ అనే ఆయన 1890, 91ల్లో వెండి గనుల కోసం వేయించిన లైను. మూడడుగుల గేజి, మనదాని కంటే ఆరంగుళాలు ఎక్కువ. రిడ్జ్‌వే నుంచి డురాంగో దాకా 162 మైళ్లు, అంటే దాదాపు 261 కిలోమీటర్లు. లైను పూర్తయిన రెండేళ్లకే 1893లో వెండి ధర కుప్పకూలింది, గనులు మూతపడ్డాయి. అయినా ఏదో ఒకలా 1951 దాకా లాక్కొచ్చారు.

ఆ లాక్కొచ్చిన తీరు నాకు భలే నచ్చింది. ఆవిరి ఇంజనుకు ఖర్చు భరించలేక, 1931 నుంచి పాత బ్యూయిక్, పియర్స్ ఆరో కార్ల ముందు భాగం తీసి, వెనక సామాన్ల పెట్టె తగిలించి, పట్టాల మీద నడిపారు. టపా మోసే కాంట్రాక్టు పోకుండా ఉండాలి కదా. అవి ఊగుతూ పోయే తీరు చూసి గ్యాలపింగ్ గూస్ అని పేరుపెట్టారు, ఉరికే బాతు అన్నమాట. మనవాళ్లేం తక్కువ తినలేదు. మైసూరు రైల్ మ్యూజియంలో పాత ఆస్టిన్ కారు ఒకటుంది. తుక్కు కింద అమ్మేస్తే రైల్వే ఉద్యోగి ఒకాయన కొని, చక్రాలు మార్చి, పట్టాలు తనిఖీ చేయడానికి వాడుకున్నాడు. మా బంగారపేట, కోలారు మధ్య బ్రాడ్ గేజ్ వచ్చాక రైలు బస్సు కూడా నడిచింది. పేద లైన్ల కష్టాలు ఎక్కడైనా ఒకటే.

తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ఒక అనుమానం అడిగాడు. "ఇలాంటివాటిల్లో పుచ్చిన కర్ర తీసి కొత్తది వేస్తూ పోతారంట కదన్నా. అలా వేస్తూ పోతే ఇంక పాత వంతెన ఎక్కడుంది? కొత్త వంతెనే కదా?" వాడు సాఫ్ట్‌వేర్ వాడు, లాజిక్ లేకపోతే నిద్రపట్టదు.

తాతను అడగాల్సిన ప్రశ్న. ఆయన కాలంలో ఆ వంతెన మీద ఒక్క పుచ్చిన కర్ర ఉండనిచ్చేవాడు కాదు, అయినా ఊరందరికీ అది పాత వంతెనే. కర్ర వంతెన కట్టిన రోజు నుంచే మార్చుకుంటూ పోయే వస్తువు. అలా ఒక్కో ముక్కా ఊడదీసి మార్చడానికి వీలుగానే దాన్ని కట్టారు. కాళ్ల వరుస ఒక్కోటి విడిగా నిలబడుతుంది, ఒకటి విప్పినా పక్కది నిలుస్తుంది. అందుకని ఇలాంటివి కాపాడేవాళ్లు అన్నీ ఒకేసారి పీకి కొత్తగా కట్టరు. సుత్తితో కొట్టి, సన్న డ్రిల్లుతో తొలిచి పొట్టు చూసి, లోపల ఎంత గట్టిగా ఉందో లెక్కగడతారు. మోయగలిగిన కర్రను అలాగే ఉంచుతారు. మోయలేనిదాన్ని వీలైతే అదే జాతి కర్రతో, అదే కొలతతో, అదే జోడింపుతో మారుస్తారు. నీళ్లు నిలిచే చోట్లు మూస్తారు, మొదళ్ల దగ్గర చేరిన మట్టి తీసేస్తారు. నేలకూ కర్రకూ అంటుకునే చోట తడి ఆరదు, పుచ్చు మొదలయ్యేది అక్కడే. కొలరాడోలో చలి, పొడిగాలి కర్రకు కొంత సాయం. మన దగ్గరైతే వాన, ఎండ, వీటన్నిటినీ మించి చెదలు. అక్కడ అన్నేళ్లు నిలిచిన కర్ర మన వాగులో పెడితే చెదపురుగులకు పెళ్లి భోజనం.

ఇదే తమ్ముడికి చెబితే "మరి మన దగ్గర ఏం మిగిలింది, మాట్లాడటానికి?" అన్నాడు. పట్టాలు, వంతెనలు మిగల్లేదు. స్టేషన్లు మిగిలాయి. దొడ్డజాల, దేవనహళ్లి, ఆవతిహళ్లి, నంది హాల్ట్. పెద్ద పట్టాలు పక్కన పడ్డా, చిన్న రైలు నాటి బుల్లి స్టేషన్లు కొన్ని అలాగే నిలిచాయి. రాతి గోడలు, మంగళూరు పెంకులు, పెంకుల కింద కర్ర వాసాలు. తాళాలు వేసి వదిలేస్తే తాగుబోతులూ మేకలూ వాడుకున్నాయి. వాటిని బాగుచేసే పనిని, పాత కట్టడాలను కాపాడే సంస్థ ఇంటాక్ బెంగళూరు శాఖ వాళ్లు రైల్వేతో మాట్లాడి నెత్తికెత్తుకున్నారు. చాలా మంచి పని. రైలెక్కి పోయి ఒకటి రెండు చూసొచ్చాను.

నా గొడవ పైకప్పు గురించి. ఎక్కడైనా పాత కట్టడం బాగుచేస్తున్నారంటే ముందు సున్నం గోడలకు రంగు, ముందు తోట, ఒక బోర్డు. వాసం పుచ్చితే ఇనుప పైపు వేసి చాక్లెట్ రంగు కొట్టేవాళ్లను చాలాచోట్ల చూశాను. దూరం నుంచి తేడా తెలియదు. కానీ పదేళ్లకు పెంకు జారి వాన కారితే ఆ పైపు తుప్పు పట్టడం ఎవరికీ కనబడదు. కర్రయితే కొట్టి చూడొచ్చు, ఒక్క వాసం తీసి ఒక్కటే మార్చొచ్చు. ఖర్చు ఎక్కువంటారు. ఎక్కువే. పెంకులు ఏటా వానలకు ముందు సర్దించుకుంటే అంత కాదు, ఆ ఏటేటా సర్దించేవాడే దొరకడు. ఒకసారి పెద్ద ఖర్చు పెట్టి రిబ్బన్ కత్తిరించడానికి అందరూ వస్తారు. తర్వాత నిచ్చెన ఎక్కి నాలుగు పెంకులు మార్చడానికి జీతం ఎవరిస్తారు? తాతకు రైల్వే ఇచ్చింది ఆ జీతమే. ఆ ఉద్యోగం పేరు కీమన్, హెరిటేజ్ అని ఎవరూ అనలేదు.

స్టేషన్లో కేఫ్ పెడతారట, మ్యూజియం పెడతారట అని రకరకాలుగా వింటున్నాను. పెట్టనివ్వండి. మనుషులు రోజూ వచ్చిపోయే చోట పైకప్పు కారితే ఎవడో ఒకడు అరుస్తాడు. తాళం వేసిన గదిలో కారితే ఎవరికి తెలుస్తుంది? మా బెంచీ కూడా అక్కడికి ఇచ్చేద్దామా అని ఆలోచన. మా ఆవిడ ఈ ఒక్క విషయంలో వెంటనే ఒప్పుకుంది.

పోయిన నెల దేవనహళ్లిలో ఒక పెళ్లికి పోతే, భోజనాల దగ్గర పక్కన కూర్చున్న కుర్రాడు మాటల్లో ఆ ఆచారి మనవడని తేలింది. మాడ్యులర్ కిచెన్లు చేస్తున్నాడట, ఎయిర్‌పోర్టు రోడ్డు అపార్ట్‌మెంట్లలో చేతినిండా పని. వాళ్ల తాత మా ఊరి వంతెన కర్రలు చెక్కడం చూశానని చెబితే అన్నం కలపడం ఆపి విన్నాడు. బాడిస పట్టడం వచ్చా అని అడిగాను. "నాన్న నేర్పించాడు సార్, అలవాటు తప్పింది. తాతది ఇంట్లోనే ఉంది, పదును పెట్టించాలి" అన్నాడు. ఆ స్టేషన్ వాసాల సంగతి చెప్పి ఫోన్ నంబరు తీసుకున్నాను.